ఇటుకల్లో అంబాసిడర్!

మన సినిమాల్లో జమీందారైనా, డాక్టరైనా ఒకప్పుడు అంబాసిడర్లోంచే దిగేవారు. ఆ కారును అరచేతిలోకి తెద్దామని గురజాలలో మా ఇంటి వసారాలో కూర్చున్నాను. సరంజామా? అన్నయ్య కొడుకు ఆడుకునే లెగో ఇటుకలు!

1968 నాటి 'ది లవ్ బగ్' చిత్రంలో 'హెర్బీ'గా నటించిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ గుర్తుందా? ఆ బీటిల్‌ను లెగో వారే 2016లో 1,167 ముక్కల్లో దించారు. వారి దగ్గర వంపు ముక్కలున్నాయి. నా దగ్గరున్నవన్నీ చదరాలే! బానెట్ మెట్లు మెట్లుగా వచ్చింది. "బాబాయ్, ఇది కారా, గుడి మెట్లా?" అన్నాడు వాడు.

తర్వాత కిటుకు తెలిసింది. ఇటుక ఎత్తులో మూడోవంతుండే పలకలు ఐదు పేరిస్తే 16 మిల్లీమీటర్లు. రెండు బుడిపెల వెడల్పూ అంతే! కనుక పలకల్ని పక్కకు తిప్పి బిగించినా లెక్క తప్పదు. 8 మిల్లీమీటర్ల మెట్టు 3.2కి దిగుతుంది. మిగతా వంపు చూసే కన్నే పూర్తిచేస్తుంది. స్టూడియోలో అట్టకోటను చూసి రాతికోటని మనం నమ్మలేదూ?

గురజాల-మాచర్ల రోడ్డు మీద మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు టాక్సీగా తోలింది అంబాసిడరే. అమ్మేశాక ఇక దాని ఊసెత్తలేదు. 2014లో ఆ కార్ల తయారీ ఆగిపోయిందని చెప్పినా పలకలేదు.

బొమ్మ ఆయన ముందుంచాను. మడ్‌గార్డు వంపును వేలితో నిమిరారు. "డిక్కీ ఇంకొంచెం దిగాలిరా" అన్నారు.

డిక్కీ విప్పింది నేను. మళ్ళీ కట్టింది మాత్రం ఆయనే!