అడ్రసు ఇచ్చింది అందుక్కాదు

మీలో చాలామంది ఇంట్లోంచే చీరలో, మసాలా పొడులో, పచ్చళ్లో అమ్ముతున్నారు. అందుకే నా తప్పు మీకు చెప్పుకోవాలనిపించింది.

గుంటూరులో ఉండే మా వదిన ఆవకాయ పెడితే అడిగి మరీ పట్టుకెళ్లేవారు. అలా మొదలైన వ్యాపారం హైదరాబాదు, బెంగళూరు దాటి అమెరికాలో ఉన్న మనవాళ్ల దాకా వెళ్లింది. ఆర్డర్లూ రసీదులూ అన్నీ ఈమెయిల్లోనే. కిందటి వేసవిలో "కొత్తావకాయ తయారైంది, అందరికీ ఒక మెయిల్ పెట్టవూ" అని నన్నడిగింది. సాయం చేయబోయి ఆవిడ కొంప ముంచినంత పని చేశాను.

ఆవిడ దగ్గర కొన్నవాళ్లు నూట ఇరవై మందే. అది చాలదనిపించింది నాకు. మా అమ్మాయి పెళ్లికి శుభలేఖలు పంపినవాళ్లు, కాలనీ సంఘం సభ్యులు, ఎప్పుడో చీరల ప్రదర్శనలో పుస్తకంలో పేరు రాసి వెళ్లినవాళ్లు... అందర్నీ చేరిస్తే నాలుగు వందలు దాటింది. వారంలో మూడు ఉత్తరాలు పంపాను, అదీ అందరి అడ్రసులూ అందరికీ కనపడేలా! పైన "ఈరోజే ఆఖరు, త్వరపడండి" అని శీర్షిక. ఆఖరేమీ కాదు, జాడీల నిండా ఉంది సరుకు.

ఒకరిద్దరు కొన్నారు. చాలామంది "స్పామ్" మీట నొక్కేశారు. అలా ఎక్కువమంది నొక్కితే, ఆ అడ్రసు నుంచి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ మెయిల్ సంస్థలు అనుమానంగా చూస్తాయి. చివరికి డబ్బు కట్టేసిన ఒక పాత ఖాతాదారుకి వదిన పంపిన రసీదు కూడా చెత్తబుట్టలో పడింది. ఆవిడ డల్లాస్ నుంచి ఫోన్ చేసి, "డబ్బు తీసుకుని పలకరేమండీ?" అని నిలదీసింది. వదిన నన్ను ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

నాకంటే ముందే ఈ పని చేసినాయన ఒకరున్నారు. 1978 మేలో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్లు చూడ్డానికి రమ్మంటూ దాదాపు నాలుగు వందల మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. బోలెడు చీవాట్లు తిన్నాడు. స్పామ్ అన్నది నిజానికి ఓ డబ్బా మాంసం పేరు. 1970 నాటి ఓ బ్రిటిష్ టీవీ హాస్య నాటికలో, హోటల్లో దాదాపు ఏ పలహారం అడిగినా అందులో అదే ఉంటుంది. వద్దన్నా వడ్డించడం అన్నమాట.

"మనది మంచి సరుకే కదా, స్పామ్ ఎలా అవుతుంది?" అని నేనూ వాదించాను. కానీ పెళ్లి పిలుపు కోసం ఇచ్చిన అడ్రసుకి పచ్చళ్ల ధరలు పంపమని ఎవరన్నారు? 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలిక కావాలంటోంది. జీమెయిల్ అయితే 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలు బిగించింది. రోజుకి 5,000కు మించి పంపేవాళ్లు ఒక్క నొక్కుతో "ఇక వద్దు" అనే వీలు కల్పించాలి. స్పామ్ ఫిర్యాదులు వెయ్యికి మూడు దాకా రానివ్వకూడదు. నా నాలుగు వందల మందిలో ఇద్దరు నొక్కినా ఆ గీత దాటినట్టే!

తర్వాత ఆ నూట ఇరవై మందికే, ఎవరిది వాళ్లకి విడిగా, క్షమాపణ చెబుతూ రాశాం. "కొత్తది పెట్టినప్పుడు కబురు చేయమంటారా?" అని అడిగాం. నలభై ఏడుగురు సరేనన్నారు. ఇప్పుడు వాళ్లకి నెలకో ఉత్తరం, అంతే. "మాగాయ ఎండింది", "ఈసారి గోంగూర ఆలస్యం" లాంటి శీర్షికలు. లోపలా ఆ సంగతే ఉంటుంది. వద్దనుకుంటే నొక్కాల్సిన చోటు చీమ తలకాయంత అక్షరాల్లో అడుగున దాచకుండా పైనే పెట్టాం.

మొన్న ఒకావిడ అది నొక్కింది. వదిన చిన్నబుచ్చుకుని, "ఎందుకో ఫోన్ చేసి కనుక్కుంటా" అంటూ లేచింది. ఆవిడ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

డల్లాస్ ఆవిడ మాత్రం ఆ నలభై ఏడుగురిలో లేదు. పార్శిల్ అందిందని ఒక్క ముక్క రాసి ఊరుకుంది.