ఆసుపత్రి నిర్వహణకు శిక్షణ ఏదీ?

బళ్లారి విమ్స్ ఆసుపత్రికి అనంతపురం, కర్నూలు జిల్లాల రోగులు సైతం వస్తుంటారు. 2022 సెప్టెంబరులో అక్కడ కరెంటు నిలిచిన వేళ ఐసీయూలో సంభవించిన మరణాలు వివాదమై, కర్ణాటక ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించవలసి వచ్చింది. అంతకుముందు 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రి మంటల్లో 10 మంది పసికందులు బలయ్యారు. అదే ఏడాది మే 10న తిరుపతి రుయాలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది మరణించారు. ఈ ఘటనలలో ప్రశ్న వైద్యుల నైపుణ్యం గురించి కాదు. తీగలను, గొట్టాలను, జనరేటర్లను కనిపెట్టి ఉండవలసిన వారి గురించి.

ఎంబీబీఎస్ చదివినవారు ఏడాదిపాటు హౌస్ సర్జన్‌గా పనిచేయనిదే వైద్యులు కాజాలరు. ఆసుపత్రి యంత్రాంగాన్ని చూసే ఇంజనీరుకు అటువంటి నిబంధన లేదు. పలుచోట్ల ఆ బాధ్యత కాంట్రాక్టరుకూ, ప్రజాపనుల శాఖకూ నడుమ చీలి, ఎవరిదీ కాకుండా పోతున్నది.

మార్గం లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, 30 మందికి తగ్గని సిబ్బంది గల సంస్థలు 2.5 నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. డిప్లొమా, డిగ్రీ అభ్యర్థుల కనీస భృతిలో సగం కేంద్రం భరిస్తుంది. పెద్దాసుపత్రులు ఈ అవకాశాన్ని వినియోగించుకుంటే సరిహద్దు జిల్లాల పాలిటెక్నిక్ యువతకు ఉపాధి, రోగులకు రక్షణ.

అయితే శిక్షణ పేరిట చౌక కూలీలను సమకూర్చుకోవడం తగదు. అనుభవజ్ఞుని వెంట రాత్రి డ్యూటీ, లోడుపై జనరేటరు పరీక్ష, మంటలు రేగినపుడు రోగులను తరలించే కసరత్తు నేర్పాలి. ఏడాది ముగిశాక ఖాయమైన పోస్టు చూపాలి. పోస్టు లేని శిక్షణ, డీజిలు లేని జనరేటరు ఒకటే.