కాలి బ్రేకు చేతికి మారితే

మన రోడ్ల మీద తిరిగే మోటారు సైకిళ్లకు వెనక బ్రేకు కుడికాలి కింద, గేరు ఎడమకాలి కింద ఉంటాయి. పోలియో వల్లో ప్రమాదం వల్లో కుడికాలు చచ్చుబడినవారికి ఆ పెడల్ ఉన్నా లేనట్టే. ముందు బ్రేకు చేతిలో ఉంది కదా, చాలదా అంటారు కొందరు. గట్టిగా ఆపినప్పుడు బరువు ముందుకు పడుతుంది కాబట్టి పొడి తారురోడ్డు మీద ఎక్కువ పని ముందు చక్రమే చేస్తుంది. కానీ ఇసుక పేరుకున్న మలుపులో, వాన తడిసిన మట్టిదారిలో ముందు బ్రేకు ఒక్కటే పడితే చక్రం జారి మనిషి కింద పడతాడు. వెనక బ్రేకు ఉండి తీరాలి.

అలాంటప్పుడు గేర్లు లేని స్కూటర్ కొనుక్కుంటే పోదా? రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి. పట్నంలో ఉద్యోగానికి వెళ్లివచ్చే మనిషికి ఇంతకంటే మంచి సలహా లేదు. అయితే స్కూటర్ చక్రాలు సాధారణంగా 10, 12 అంగుళాలు, మోటారు సైకిలువి 17, 18 అంగుళాలు. పాలక్యాన్లు కట్టుకుని గుంతల దారిలో రోజూ తిరిగే రైతుకు ఆ తేడా చిన్నది కాదు. అతను మోటారు సైకిలే కావాలంటే అది మొండితనం కాదు, అవసరం.

అప్పుడు రెండు దార్లున్నాయి. ఒకటి, ముందూ వెనకా బ్రేకుల్ని కుడిచేతి లివరు ఒక్కదానికే కలిపేయడం. కంగారులో ఏది పట్టాలా అని ఆలోచించక్కర్లేదు, ఎడమచేయి క్లచ్‌కే ఉంటుంది. పైగా 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బళ్లకు కంబైన్డ్ బ్రేకింగో, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్సో తప్పనిసరి. ఒక్క మీటతో రెండు చక్రాలూ పట్టడం కంపెనీలు చేస్తున్న పనేనని ఈ దారి మెచ్చేవాళ్ల వాదన. అక్కడే నాకు అభ్యంతరం. కంపెనీ చేసే కంబైన్డ్ బ్రేకు బండిలో పెడల్ తొక్కితే రెండూ పడతాయి, ముందు లివరు మాత్రం విడిగా మిగిలే ఉంటుంది. రెంటినీ ఒకే మాస్టర్ సిలిండర్‌కు, అంటే లివరు పడితే బ్రేకు ఆయిల్‌ను తోసే భాగానికి, తగిలిస్తే, అక్కడ ఆయిల్ కారిన రోజు రెండు బ్రేకులూ ఒకేసారి పోతాయి.

రెండోది, ఎడమచేతి వైపు క్లచ్ పక్కనే వెనక బ్రేకుకు ఇంకో లివరు, లేదా బొటనవేలితో నొక్కే మీట. 1992లో నెదర్లాండ్స్‌లోని ఆసెన్ ట్రాక్ మీద కుడికాలు దారుణంగా దెబ్బతిన్న ఆస్ట్రేలియా రేసర్ మిక్ డూహన్‌కు అమర్చింది ఈ బొటనవేలి బ్రేకే. 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదుసార్లు 500 సీసీ ప్రపంచ ఛాంపియన్ ఆయనే. ఇది చెప్పి మన బళ్లకూ అదే పెట్టమంటే ఒప్పుకోలేను. ఆయన బండికి వెనక డిస్కు. మన చిన్న బళ్లలో చాలావాటికి కడ్డీ లాగితే పట్టే డ్రమ్ము. అంతర్జాతీయ బ్రేకు పరీక్షల్లో కాలికి 350 న్యూటన్ల బలం దాకా అనుమతిస్తే చేతికి 200 దగ్గరే ఆపుతారు. బొటనవేలి బలం అంతకన్నా తక్కువ. కంబైన్డ్ బ్రేకు బండి అయితే పెడల్ బదులు వచ్చిన ఆ మీట ముందు బ్రేకును కూడా లాగాలి, భారం ఇంకా పెరుగుతుంది. డిస్కుకైతే సన్నని పిస్టన్ ఉన్న మాస్టర్ సిలిండర్ వేసి తక్కువ బలంతో ఎక్కువ ఒత్తిడి తేవచ్చు. బదులుగా లివరు ఎక్కువ దూరం నొక్కాల్సి వస్తుంది.

చేతుల సంగతి ఎవరూ అడగరు. చంకకర్రలతో నడిచేవారి అరచేతులు, మణికట్లు అప్పటికే ఒళ్లంతా మోస్తున్నాయి. సాయంత్రం హైదరాబాద్ అమీర్‌పేట ట్రాఫిక్‌లో క్లచ్చూ బ్రేకూ రెండూ ఎడమచేతికే అప్పగిస్తే అది ఎంతసేపు ఓర్చుకుంటుంది? బండి ఆగాక నిలబెట్టాల్సింది మళ్లీ కాలే. రెండు కాళ్లూ బలహీనమైతే సైడు చక్రాల స్కూటరే మేలు. దానికీ లోపముంది: పక్క చక్రాలు కదలకుండా బిగిస్తే గుంతల్లో నడిమి చక్రం పైకి తేలి బ్రేకు పట్టు తగ్గుతుంది.

చట్టం దారి మూయలేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం వికలాంగుల కోసం బండిని మార్పించి, తర్వాత రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం తీసుకోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం బళ్లను ఇలా మార్పించే పథకాలు పెట్టమని ప్రభుత్వాలకే చెబుతోంది.

ఎడమకాలు గట్టిగా ఉండి, చేతుల్లో బలముండి, బండికి వెనక డిస్కు ఉంటే విడి లివరుకే నా ఓటు. అదీ బొటనవేలి మీట కాదు, నాలుగు వేళ్లూ పట్టే లివరు. డ్రమ్ము బండికి ఈ పని చేయించకండి. రెండు బ్రేకుల్నీ ఒకే గొట్టానికి కలుపుతానన్న మెకానిక్‌కు, ఎంత చవకగా చేస్తానన్నా, బండి ఇవ్వకండి. పని అయ్యాక ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడుపుతూ ముందు బ్రేకు ఒక్కటే, వెనక బ్రేకు ఒక్కటే వేసి చూడండి. ఏ ఒక్కదానితోనైనా బండి ఆగకపోతే రోడ్డెక్కవద్దు.