నల్లబడిన తెర

కాకినాడ నుంచి ఒక సోదరి రాశారు: "అక్కయ్యగారూ, మా అబ్బాయి కంప్యూటరులో ఉబుంటు లినక్స్ పెట్టుకున్నాడు. మొన్న ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుకు డ్రైవరు ఎక్కించాడు. తిరిగి ఆన్ చేస్తే నల్లటి తెర, మూలన మిణుకుమిణుకుమనే గీత, అంతే. అంతా చెరిపేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కిస్తానంటున్నాడు. పోయినేడు కాలం చేసిన మా అత్తగారి ఫొటోలు, ఆవిడ పాడిన మంగళహారతులు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. ఏం చేయమంటారు?"

వద్దమ్మా, చెరపనివ్వకండి! తెరకు బొమ్మ అందే దారి మూసుకుపోయిందంతే. డిస్కులో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవు మీవాడి దగ్గర ఉండే ఉంటుంది. దానితోనే కంప్యూటరు ఆన్ చేసి, 'ట్రై ఉబుంటు' అన్నది ఎంచుకోమనండి. 'ఇన్‌స్టాల్' జోలికి మాత్రం పోవద్దు. అత్తగారి పాటలు, ఫొటోలు ముందు మరో పెన్‌డ్రైవులోకి చేరాలి. మరమ్మతు ఆ తరువాత.

ఇక జరిగిందేమిటంటారా? లినక్స్‌లో ఈ కార్డులకు నూవో అనే డ్రైవరు ముందే ఉంటుంది. కంపెనీ డ్రైవరు ఎక్కించగానే దాన్ని పక్కకు తప్పిస్తారు. పాత వంటమనిషిని మానిపించి, కొత్తామెను వీధి గుమ్మంలోనే ఆపేస్తే పొయ్యి ఎవరు వెలిగిస్తారు చెప్పండి!

ఆపేది తరచు సెక్యూర్ బూట్ అనే కాపలా. గుర్తెరిగిన సంతకం లేని డ్రైవరును అది రానివ్వదు. యంత్రంలోనే కూర్చుకునే రకం డ్రైవరైతే ఉబుంటు ఒక పాస్‌వర్డు పెట్టుకోమంటుంది. తిరిగి ఆన్ చేయగానే నీలం తెర ఒకటి వస్తుంది. అక్కడ 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని ఆ పాస్‌వర్డు ఇవ్వాలి. కొద్ది సెకన్లలో ఏ మీటా నొక్కకపోతే అది తన దారిన పోతుంది. మీవాడు ఆ సమయానికి కాఫీకి లేచాడేమో, అడిగి చూడండి!

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే సాధారణంగా అక్షరాల తెర వస్తుంది. అక్కడ మోక్‌యుటిల్ అనే సాధనంతో ఆ తాళంచెవిని మళ్ళీ నమోదుకు పంపవచ్చు. ఈసారి నీలం తెర దాటేదాకా కుర్చీలోంచి లేవనివ్వకండి. సెక్యూర్ బూట్ ఆపేసినా పని జరుగుతుంది గాని, కాపలావాణ్ణి పంపేయడం నాకు నచ్చదు.

డ్రైవరును కంపెనీ సైటు నుంచి తెచ్చి ఎక్కించి ఉంటే మాత్రం తీసేయమనండి. కెర్నెల్ మారినప్పుడల్లా అది పేచీ పెట్టవచ్చు. ఉబుంటులోనే 'అడిషనల్ డ్రైవర్స్' అని ఉంది, అందులోంచి ఎక్కించుకుంటే సుఖం.

అబ్బాయిని కోప్పడకండి సుమా. లినక్స్ సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే 2012లో ఫిన్లాండులో నిండుసభలో ఈ కంపెనీకి వేలు చూపించి తిట్టాడు. కంపెనీవారు 2022లో గాని తమ కెర్నెల్ మాడ్యూళ్ళను బహిరంగపరచలేదు.

మంగళహారతులు రెండోచోటికి చేరగానే నాకో కార్డుముక్క రాయండి.