వేగదేవతకు నైవేద్యము

వేగమును కోరని యౌవనము లేదు. కాలినడకను బడికి పోవు బాలుడు సైకిలును కోరును. సైకిలు గలవాడు మోటారు సైకిలును కోరును. మోటారు సైకిలు గలవాడు అంతకంటె వడిగా పోవు పందెపు బండిని కోరును. ఇది వయోధర్మము, దీనిని నిందించుటవలన ప్రయోజనము లేదు. కాని వేగమును కోరువారిలో రెండు తెగలవారు కలరు. వేగమును వెలయిచ్చి కొనువారు మొదటి తెగ. వేగమును తమ చేతులతో సంపాదించుకొనువారు రెండవ తెగ. మొదటివారికి బండి పిడిని త్రిప్పుట మాత్రమే తెలియును. రెండవవారికి ఆ పిడి త్రిప్పినప్పుడు లోపల ఏమి జరుగునో తెలియును. ఈ రెంటి నడుమ గల దూరము సామాన్యమైనది కాదు. అది భోగమునకును విద్యకును నడుమ గల దూరము.

స్పోర్ట్సు మోటారు సైకిలనగా తేలికయైన ఒడలును, మిక్కిలి శీఘ్రముగా తిరుగు ఇంజనును గల బండి. దాని ఇంజను నిమిషమునకు పదివేల చుట్లవరకు, కొన్ని బండ్లలో అంతకు మించియు తిరుగును. అట్టి బండిలో ప్రతి భాగమును తన శక్తికి తుదిమేరలో పనిచేయుచుండును. కావున సామాన్యపు బండి సహించు అశ్రద్ధను అది సహింపదు. దానిని ఇంటియొద్ద పోషించుకొనుటకు కావలసిన పనిముట్లు కొలదిగానే యుండును. కొన్ని పానాలు, ప్లగ్గు విప్పు పానా, టైరులోని గాలిని కొలుచు గేజి, సందులను కొలుచు సన్నని ఉక్కురేకులు, బండితోపాటు వచ్చిన చిన్నపుస్తకము ఉన్న చాలును. వీనికంటె ముఖ్యముగా కావలసినది ఓర్పు.

చైనును చూడుడు. అది మరీ బిగువుగా నున్నచో బేరింగులు అరిగిపోవును. మరీ వదులుగా నున్నచో పండ్లచక్రమునుండి జారిపడును. ఎంత వదులుండవలెనో చిన్నపుస్తకము మిల్లీమీటర్లలో చెప్పును. ప్లగ్గును విప్పి చూచినపుడు దాని కొన లేత గోధుమవన్నెగా నున్నచో పెట్రోలును గాలియు తగుపాళ్లలో కలియుచున్నవని అర్థము. నల్లని మసి పట్టియున్నచో పెట్రోలు హెచ్చినది. తెల్లగా పాలిపోయియున్నచో గాలి హెచ్చి, ఇంజను మితిమీరి వేడెక్కుచున్నదని హెచ్చరిక. రోగి నాలుకను చూచి వైద్యుడు లోపలి స్థితిని గ్రహించునట్లు, ప్లగ్గు కొనను చూచి పనివాడు ఇంజను స్థితిని గ్రహించును.

వాల్వులకడ విడువవలసిన సందును మిల్లీమీటరులో నూరవవంతుల లెక్కన కొలుతురు. లోహము వేడికి వ్యాకోచించును గావున ఆ సందు అవసరమైనది. అది పూడిపోయినచో వాల్వు పూర్తిగా మూతపడక, మండుచున్న వాయువుల సెగకు కాలిపోవును. భౌతికశాస్త్ర పుస్తకములో రెండు పంక్తులలో ముగిసిపోవు పాఠము ఇచట ఒక పలుచని ఉక్కురేకుపై నిలిచియున్నది. దానిని ఒక్కమారు తన చేతితో కొలిచిన విద్యార్థి ఆ పాఠమును జీవితాంతము మరువడు.

బండి పోషణము వేరు. ఆంగ్లేయులు ట్యూనింగని పిలుచు పని వేరు. ఆ మాటకు శ్రుతి చేయుట యని అర్థము. తయారుచేసినవారు నిర్ణయించిన కొలతలను చెడకుండ కాపాడుట పోషణము. ఆ కొలతల కారణమును ఎరిగి, వానిని తన ప్రయోజనమునకు తగినట్లు సవరించుట శ్రుతి చేయుట. మొదటిది రానివాడు రెండవదానికి పూనుకొనరాదు. ఛందస్సు నేర్చినవాడు ఛందస్సును దాటి వ్రాసినచో అందులో ఒక సౌష్ఠవముండును. గణము తెలియనివాడు గణభంగము చేసినచో అది స్వేచ్ఛ కాదు, అజ్ఞానము. పద్యములోని అజ్ఞానము చెవికి మాత్రము బాధ కలిగించును. బండిలోని అజ్ఞానము ప్రాణమునకే ముప్పు తెచ్చును.

ఈ క్రమమును తన జీవితముతో నిరూపించినవాడు న్యూజిలాండు దేశస్థుడైన బర్ట్ మన్రో. ఆయన 1899లో జన్మించెను. ఆ దేశపు దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ పట్టణము ఆయన నివాసము. 1920లో ఆయన ఇండియన్ స్కౌట్ అను మోటారు సైకిలును కొనెను. అది అమెరికాలో తయారైన బండి. పేరు ఇండియన్ అయినను భారతదేశముతో దానికి సంబంధము లేదు. దాని ఇంజను పరిమాణము 600 ఘనసెంటీమీటర్లు. పరమవేగము గంటకు 55 మైళ్లు, అనగా సుమారు 88 కిలోమీటర్లు. మరియొకడైనచో కొంతకాలమునకు దానిని విక్రయించి, అంతకంటె వేగముగల క్రొత్త బండిని కొనియుండును. మన్రో 1926 మొదలు ఆ బండినే సవరింప నారంభించెను. ఆ పని ఆయన వృద్ధాప్యమువరకు సాగెను.

ఆయన ధనవంతుడు కాడు. మోటారు సైకిళ్లను అమ్ముచు, బాగుచేయుచు బ్రతికినవాడు. కొనలేని భాగములను తానే చేసికొనెను. లోహమును కరగించి పాతడబ్బాలలో పోసి పిస్టనులను తయారుచేసెను. ట్రాక్టరు ఇరుసునుండి కనెక్టింగు రాడ్లను చెక్కెను. సూక్ష్మమైన కొలతలకు ఉపయోగించు మైక్రోమీటరును సైతము చక్రపు చువ్వతో చేసికొనెను. టైరులపైని గాళ్లను కత్తితో చెక్కి నునుపుచేసెను. ఇంజను లోపలి అమరికనే మార్చి, ప్రక్కనున్న వాల్వులను తలపైకి తెచ్చెను. ఏ కళాశాలయు ఆయనకు ఈ విద్యను నేర్పలేదు.

ఇంతటి శ్రమలో వైఫల్యములు లేకుండునా? ఆయన చేసిన పిస్టనులు పగిలెను, రాడ్లు విరిగెను, ఇంజను అనేక పర్యాయములు ముక్కలయ్యెను. ఆ విరిగిన భాగములను ఆయన పారవేయలేదు. షెడ్డులోని అరపైన వరుసగా పేర్చి, "వేగదేవతకు నైవేద్యములు" అని వ్రాసి యుంచెను. ఇది హాస్యమే, కాని ఈ హాస్యములో ఒక శాస్త్రము కలదు. విరిగినదానిని దాచుకొన్నవాడే అది ఎచట విరిగినదో, ఏల విరిగినదో పరీక్షింపగలడు. బడిలో విద్యార్థి తప్పిన లెక్కను తుడిచివేయును. ఉపాధ్యాయుడును తుడిచివేయుమనియే చెప్పును. తప్పు తుడిచివేయవలసిన మచ్చ కాదు, చదువవలసిన పాఠము అని ఆ అర ఇరువురకును బోధించుచున్నది.

అమెరికాలోని యూటా రాష్ట్రమున బాన్‌విల్ అను విశాలమైన ఉప్పుమైదానము కలదు. వేగపరీక్షలకు అది ప్రసిద్ధమైన స్థలము. మన్రో తన బండిని సముద్రముపై అచటికి కొనిపోయి 1962లో ఒక రికార్డును నెలకొల్పెను. మరల 1967లో, తన 68వ ఏట, 1000 ఘనసెంటీమీటర్లలోపు తరగతిలో మరియొక రికార్డును సాధించెను. అప్పటికి బండి వయస్సు 47 సంవత్సరములు. పుట్టినపుడు గంటకు 55 మైళ్లు పోయిన బండి ఆనాడు 183 మైళ్లను మించి పరుగెత్తెను. అందులో వెలయిచ్చి కొన్న వేగము స్వల్పము. మిగిలినదంతయు నాలుగు దశాబ్దుల రాత్రుల సంపాదన.

ఈ కథకు గణితోపాధ్యాయులు మెచ్చదగిన అనుబంధమొకటి కలదు. మన్రో 1978లో మరణించెను. 1967 నాటి పరుగుల సగటును కట్టుటలో పొరపాటు జరిగినదని ఆయన కుమారుడు పిమ్మట గుర్తించెను. 2014లో అమెరికా మోటారు సైకిలు సంఘమువారు లెక్కను సరిచేసి, రికార్డును 184.087 మైళ్లుగా, అనగా సుమారు 296 కిలోమీటర్లుగా ప్రకటించిరి. మరణించిన 36 సంవత్సరములకు ఆయన వేగము అరమైలు పెరిగెను. కొలతయందు గౌరవము గలవారికి ఆ అరమైలు స్వల్పము కాదు.

ఇట్టి కథలు చెప్పినచో పిల్లలు బండ్లను విప్పి, సైలెన్సరులను ఊడబెరికి, వీధులను హోరెత్తింతురని పెద్దలు భయపడుదురు. ఆ భయము నిర్హేతుకము కాదు. కాని ఆ హోరు అజ్ఞానమునకు గుర్తే గాని విద్యకు గుర్తు కాదు. సైలెన్సరు తీసివేసినంతమాత్రమున బండికి బలము రాదు. పెట్రోలు, గాలి పాళ్లను దానికి తగినట్లు సవరింపనిచో ఉన్న బలమును తగ్గవచ్చును. శబ్దము మాత్రము తప్పక పెరుగును. తయారీదారు నమోదుచేసిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిషేధించుచున్నది. మన్రో రికార్డులు నెలకొనినది బాటసారులు నడుచు వీధిలో కాదు. కాలమును కొలుచువారి సమక్షమున, మనుష్యసంచారము లేని మైదానమున. తెలుగు యువకులకును చెన్నైకి సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో పందెపు బాట కలదు. వేగమును శ్రుతి చేయగోరువారికి తగిన స్థలము అట్టిదే.

మన్రో సాహసమును అనుకరింపుమని చెప్పుట ఇచట ఉద్దేశ్యము కాదు. ఆయన పలుమార్లు పడి గాయపడినవాడు. అనుకరింపవలసినది ఆయన శ్రద్ధను. ఇంజను నడుచుచుండగా చైనును తుడుచుటవలన వ్రేళ్లు తెగును. మూసిన గదిలో ఇంజనును నడుపుటవలన కార్బను మోనాక్సైడు అను వాసన లేని విషవాయువు నిండి ప్రాణములు పోవును. ఇవి పోషణమునకు తొలిపాఠములు. బ్రేకు ప్యాడు ఎంత అరిగినదో స్వయముగా చూచినవాడు, వానరాత్రి బండిని వడిగా తోలుటకు జంకును. భయము చెప్పి మాన్పలేని దుడుకుతనమును జ్ఞానము మాన్పగలదు.

నేటి బండ్లలో యంత్రములకు మారుగా ఎలక్ట్రానిక్ మెదళ్లున్నవి, ఇంటియొద్ద చేయదగిన పని ఏమున్నదని కొందరందురు. 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట, క్రొత్త బండ్లలో చాలవరకు కార్బ్యురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్ము ఏర్పాటు వచ్చిన మాట నిజము. దానిని సవరించుటకు వేరు పరికరములు కావలెను. అయినను చైను చైనుగనే యున్నది. టైరు అరుగుచునే యున్నది. బ్రేకు నూనె తేమను పీల్చుచునే యున్నది. లోహము వేడికి పెరుగుచునే యున్నది. తెలిసినంతవరకు స్వయముగా చేసి, తెలియనిచోట నిపుణుని ఆశ్రయించుట అవమానము కాదు. తన హద్దును తెలిసికొనుటయు విద్యయే.

అసలు అడ్డంకి యంత్రములో లేదు. మన మనస్సులో కలదు. చేతికి మసి అంటినవాడు చదువురానివాడని, చదువుకొన్నవాని చేతికి మసి అంటరాదని సమాజము బహుకాలముగా నమ్ముచున్నది. చదువు మాని మెకానిక్కు షెడ్డులో చేరిన బాలుడు ఇంజను చప్పుడు విని రోగమును చెప్పగలడు. కాని ఆ జ్ఞానమును ఎవరును విద్యయనరు. దాని కారణమును అతనికి ఎవరును బోధింపరు. భౌతికశాస్త్రములో నూటికి తొంబదియైదు మార్కులు తెచ్చుకొన్న బాలుడు ప్లగ్గును విప్పలేడు. ఒకనికి చేయి కలదు, మాట లేదు. ఇంకొకనికి మాట కలదు, చేయి లేదు. ఇరువురును అర్ధవిద్యావంతులే. ఈ చీలికను పూడ్చుటకే 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని ద్వారా విద్యాబోధన జరుగవలెనని ప్రతిపాదించెను. ఆనాడు రాట్నము దానికి సాధనము. నేటి బాలుర మనస్సు మోటారు సైకిలుపై నున్నచో, అదియే నేటి సాధనము కావచ్చును.

దీనికి పెద్ద వ్యయము అక్కరలేదు. పాత ఇనుపసామాను దుకాణమునుండి తెచ్చిన ఒక పాత ఇంజను, ఒక బల్ల, కొన్ని పానాలు, వారమునకు రెండు పీరియడ్లు చాలును. దానిని విప్పుట, ప్రతి భాగమునకు పేరు వ్రాయుట, కొలుచుట, మరల బిగించుట. చివరకు బల్లపై ఒక్క మరయైనను మిగులరాదు. బాలికలును ఇందులో సమముగా పాల్గొనవలెను. గేరు గల మోటారు సైకిలును నడుపుటకు చట్టము పదునెనిమిదేండ్లు నిండవలెననుచున్నది. దానిని తెలిసికొనుటకు ఏ చట్టమును వయస్సు నిర్ణయింపలేదు. పదునాలుగేండ్లనాడు ఇంజనును విప్పి బిగించినవాడు పదునెనిమిదవ ఏట బండియెక్కినపుడు, క్రింద నున్నది మంత్రపు గుఱ్ఱము కాదని, కొలతలపై నిలిచిన లోహమని ఎరిగియుండును.

యంత్రమునకు ముఖస్తుతి పనికిరాదు. బట్టీపట్టిన సమాధానమును అది అంగీకరింపదు. మర సరిగా బిగిసినచో నిలుచును, బిగియనిచో ఊడును. ఇంత నిష్పక్షపాతియైన పరీక్షాధికారి దొరకుట అరుదు. అట్టివాని యెదుట విద్యార్థులను ఒక్కమారైనను కూర్చుండబెట్టుట ఉపాధ్యాయులు చేయదగిన పని. వేగమును వారు తరువాత తామే నేర్చుకొందురు. ఓర్పును మాత్రము ఎవరైనను నేర్పవలెను.