పహారా పెరిగితే భయం పోతుందా?

బేస్తవారిపేటలో చీకటి పడ్డాక బస్సు దిగిన విద్యార్థిని ఇంటికి నడుస్తూ నేరాల లెక్కలు గుర్తు చేసుకోదు. స్తంభం మీద లైటు వెలుగుతోందా, దారిలో బెల్టుషాపు ఉందా, అరిస్తే తలుపు తీసే ఇల్లు ఉందా అని చూస్తుంది. ఆమె ధైర్యానికి ఇవే కొలతలు. పాలకుల దగ్గర మాత్రం ఒకటే కొలత: ఎన్ని లాఠీలు, ఎన్ని కెమెరాలు!

పహారాతోనే భయం పోయేదైతే నల్లమల అంచు పల్లెలు ఏనాడో నిశ్చింతగా నిద్రపోయేవి. 2004 అక్టోబరులో ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా అవి బెడిసికొట్టాయి, కూంబింగ్ మళ్లీ మొదలైంది. రాత్రి తలుపు తట్టిన వాడికి అన్నం పెడితే పోలీసుల అనుమానం, పెట్టకపోతే తుపాకీ భయం. రెండు వైపులా తుపాకులే. మధ్యలో జనానికి కంటిమీద కునుకు లేదు.

మరి ధైర్యం ఎక్కడ పుట్టింది? నెల్లూరు జిల్లా దూబగుంటలో. తమ ఇంటికీ వీధికీ ముప్పు సారా దుకాణం నుంచే వస్తోందని 1992లో అక్కడి ఆడవాళ్లు తేల్చుకున్నారు. ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూడలేదు. చేయీ చేయీ కలిపి దుకాణం మూయించారు. ఆ పోరు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

పోలీసులు వద్దని మేం అనడం లేదు. గడప తొక్కితే వినే పోలీసులు కావాలంటున్నాం. వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం జరిగిందని ఫిర్యాదులో ఉంటే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరు 12న చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, అలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చు. ‘మా పరిధి కాదు, పోండి’ అనే మాట ఇక చెల్లదు. ఈ సంగతి కూలి పనికి పోయే అమ్మకు ఎవరు చెప్పాలి? చదువుకున్న విద్యార్థులు, ఉద్యోగులు కాక ఇంకెవరు?

వీధిదీపం పంచాయతీ బాధ్యత, ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. గ్రామసభలో వెలగని లైట్ల లెక్క అడుగుదాం. బెల్టుషాపు ఎవరి అండతో నడుస్తోందో నిలదీద్దాం. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లే ఆడబిడ్డ వెంట నలుగురం నడుద్దాం. భయం ఒంటరివాళ్లనే పట్టుకుంటుంది. వీధి వీధంతా నిలబడితే దానికి చోటెక్కడ?