సూది కంటే ముందు మాట

రక్తపరీక్ష రిపోర్టులో తేడా వస్తే మనం ముందుగా అనుమానించేది యంత్రాన్ని. కానీ ల్యాబ్ పొరపాట్లలో ఎక్కువ భాగం శాంపిల్ యంత్రం దాకా వెళ్లకముందే జరిగిపోతాయని ఎన్నో దేశాల అధ్యయనాలు తేల్చాయి. ఒకరి ట్యూబు మీద మరొకరి పేరు పడటం, ఒక ట్యూబులో పట్టాల్సిన రక్తం ఇంకోదాంట్లో పట్టడం, తీసేటప్పుడే రక్తకణాలు చితికిపోవడం వంటివన్నీ రోగి పక్కన గడిచే ఆ రెండు నిమిషాల్లోనే జరుగుతాయి. ఆ కాసేపట్లో రోగితో నాలుగు మాటలు మాట్లాడటాన్ని మర్యాద కింద జమకడుతున్నాం. భద్రతకు మొదటి మెట్టు అదేనన్నది నా వాదన.

పేరు సంగతే చూడండి. ‘లక్ష్మి గారేనా?’ అని అడిగితే, జ్వరంతో మూసిన కన్ను తెరవలేని పెద్దామె ‘ఆ’ అంటుంది. పక్క మంచం లక్ష్మిని పిలిచినా అలాగే అంటుంది. మన వార్డుల్లో ఒకేరోజు ఇద్దరు ముగ్గురు లక్ష్ములు, శ్రీనివాసులు, వెంకటేశ్వర్లు ఉండటం వింతేమీ కాదు. చీటీలో ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోతుంది. ఫోన్ నంబరుతో పోల్చుకుందామంటే ఇంటిల్లిపాదికీ కొడుకు నంబరే రాయించి ఉంటారు. అందుకే ‘మీ పూర్తి పేరు చెప్పండమ్మా, వయసెంత?’ అని రోగి నోటితోనే చెప్పించి చీటీతో సరిచూడాలి. స్పృహలో లేనివారికి చేతి పట్టీ మీది వివరాలే ఆధారం. రక్తం పట్టాక మంచం పక్కనుంచి కదలకముందే ట్యూబుకు స్టిక్కరు అంటించాలి. ఖాళీ ట్యూబులకు ముందే స్టిక్కర్లు వేసి ట్రేలో పేర్చుకోవడమూ, పదిమందికి తీసుకొచ్చి బల్ల దగ్గర తీరిగ్గా రాసుకోవడమూ రెండూ ప్రమాదమే. షుగర్ పరీక్షలో పేరు మారితే మందు మారుతుంది. రక్తం ఎక్కించే ముందు చేసే క్రాస్ మ్యాచ్‌కు పంపిన ట్యూబు మీద మారితే పడని గ్రూపు రక్తం ఎక్కి ప్రాణమే పోవచ్చు.

ఎందుకు తీస్తున్నారో చెప్పడం రెండో మాట. ఆపరేషన్‌కు ముందు ‘మామూలు పరీక్షలే’ అంటూ తీసిన రక్తంలో హెచ్ఐవీ పరీక్ష కూడా కలిసిపోవడం ఆస్పత్రుల్లో తెలియని విషయం కాదు. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం రోగికి వివరించి, సమ్మతి తీసుకున్నాకే ఆ పరీక్ష చేయాలి. ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలి. ‘మా సిబ్బంది రక్షణ మాటేమిటి?’ అని ఆస్పత్రుల వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇన్ఫెక్షన్ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకే అవకాశం సుమారు 0.3 శాతం. టీకా వేసుకోనివారికి హెపటైటిస్ బీ 30 శాతం దాకా సోకవచ్చు. అయితే ఇన్ఫెక్షన్ కొత్తగా వచ్చిన రోగికి పరీక్షలో నెగెటివ్ రావచ్చు. ఆ రిపోర్టును నమ్మి గ్లవ్స్ పక్కన పెట్టేవారికే ముప్పు ఎక్కువ. ప్రతి రోగి దగ్గరా ఒకే జాగ్రత్త పాటించడం, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా చేతికందే దూరంలో ఉన్న డబ్బాలో వేయడం, హెపటైటిస్ బీ టీకా, గుచ్చుకుంటే 72 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన హెచ్ఐవీ నివారణ మందులు... సిబ్బందిని కాపాడేవి ఇవి. రక్తం, శరీర ద్రవాలు తగిలే పనిచోట్ల జాగ్రత్తలకు కావాల్సిన సామగ్రి, శిక్షణ, ఈ మందులు సమకూర్చాల్సిన బాధ్యతను ఆ చట్టమే యాజమాన్యం మీద పెట్టింది.

ఓపీ ముందు బారులు తీరిన జనం ఉంటే ఇన్ని మాటలకు సమయమెక్కడిదన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టేయలేం. కాకపోతే తొందర మిగిల్చే సమయమెంతో కూడా లెక్కవేయాలి. స్పిరిట్ ఆరేందుకు అర నిమిషం ఆగకుండా గుచ్చితే మంట, పైగా కణాలు చితికే అవకాశం. చేతికి రబ్బరు కట్టి నిమిషం దాటినా విప్పకపోతే కొన్ని ఫలితాలు మారతాయి. ఊదారంగు మూత ట్యూబులోని రక్తాన్ని కాస్త ఇంకోదాంట్లో పోసి సర్దేస్తే, అందులోని రసాయనం వల్ల పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనిపిస్తాయి. అప్పుడా రోగిని మళ్లీ పిలవాలి, మళ్లీ గుచ్చాలి. లేదంటే, ఇంకా ఘోరం, ఆ తప్పుడు అంకెకే వైద్యం చేయాలి. పేరు అడిగి పోల్చుకోవడానికి పట్టేది పది పదిహేను సెకన్లు.

వివరాలు చెబితే రోగులు భయపడి వద్దంటారన్న మాటా వినిపిస్తుంది. కొందరు అనొచ్చు, ఆ హక్కు వారికుంది. నరం దొరక్క రెండుసార్లు విఫలమయ్యాక మూడోసారి అదే చేయి పట్టుకునే బదులు అనుభవమున్న మరొకరిని పిలవడం కూడా ఆ హక్కును గౌరవించడమే.

ఈ భారమంతా టెక్నీషియన్ల మీదే వేయడం అన్యాయం. గంటకు ఇన్ని శాంపిళ్లని లక్ష్యం పెట్టేది వారు కాదు. పొద్దుటి రద్దీలో ఇంకో ఇద్దరిని వేయాల్సిందీ, టీకా వేయించాల్సిందీ యాజమాన్యాలు, ప్రభుత్వాలు. ట్యూబు మీద తన పేరు ఒకసారి చూపించమని రోగి అడిగితే విసుక్కోకుండా చూపించాలన్న ఆదేశమూ పైనుంచే రావాలి.